కార్తీక్ పేరు మీద అర్చన

“ముందు సారు చొక్కా వదులు!”

హెడ్ కానిస్టేబుల్ జానయ్య గద్దింపుకు ఆ ఆడమనిషి స్టేషన్ గుమ్మంలోనే ఉలిక్కిపడింది. ఒక చేత్తో టక్ చేసుకున్న యువకుడి చొక్కా, ఇంకో చేత్తో ఖరీదైన సెల్‌ఫోన్ పట్టుకుని ఉందామె. వీపు మీద తాడుతో కట్టిన వెదురు బుట్టలు.

జానయ్య లేచి ఆ ఫోన్ లాక్కుని టేబుల్ మీద పెట్టాడు. యువకుడికి కుర్చీ జరిపాడు. ఫ్యాన్ అతని వైపు తిప్పాడు. ఆమెకు మాత్రం గోడవార నేల చూపించాడు.

బెంచీ మీదున్న రామస్వామి ఇదంతా చూస్తున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు పోచంపల్లి చీరల దుకాణం ఉంది. గల్లీలో పెట్టే వినాయక మండపానికి అనుమతి అడుగుదామని వచ్చి, ఎస్సై కోసం ఎదురుచూస్తున్నాడు. స్టేషన్ గడప తొక్కడం ఆయనకు ఇదే మొదలు. కుర్చీ కాకపోయినా కూర్చోవడానికి బెంచీ అయినా దొరికింది. నుదుటి బొట్టు, మెడలో కండువా పుణ్యం కావచ్చు.

“పేరేంది?” జానయ్య ఆమెను అడిగాడు.

“తిరుపతమ్మ సారూ. జర నా మాట...”

“అడిగిందే చెప్పు. ఏడుంటవ్? ఏ కులం?”

“సరూర్‌నగర్ చెర్వు కాడ సారూ. ఎరుకలోళ్ళం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కాడ బుట్టలు అమ్ముకుంటుంటె...”

“ఎరుకలోళ్ళా!” జానయ్యకు సగం కేసు అక్కడే తేలిపోయింది. “బుట్టలమ్ముకునేదాని చేతుల గింత ఫోనా? అమలా, ఈమెను జూస్కో. లేవనియ్యకు.”

కానిస్టేబుల్ అమల వచ్చి తిరుపతమ్మ పక్కన నిలబడింది.

“మీరు చాయ్ తాగుండ్రి సార్. మస్తు పరేషాన్ అయినట్టున్నరు,” అంటూ జానయ్య యువకుడికి గ్లాసు చాచాడు.

యువకుడు గదంతా ఒకసారి చూశాడు. గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తర్వాత నిమ్మళంగా కూర్చుని గ్లాసు అందుకున్నాడు.

“మెట్రో దగ్గర బాగా రష్ అండి,” అన్నాడు.

“కేసు రాసేస్త సార్. ఈళ్ళ సంగతి మాకు కొత్తనా? ఎన్కట తెల్లదొరలు ఈళ్ళ కులాన్నే దొంగల కులమని రాసిపెట్టిండ్రు. ఊకెనే రాస్తరా?”

రామస్వామి మనసు చివుక్కుమంది. తల్లి కడుపులో ఉండగానే మనిషిని దొంగ అని రాసే దేవుడెవరు? రేపు చవితికి స్వామి ముందు పళ్ళు పెట్టేది వీళ్ళు అల్లిన బుట్టలోనే కదా. ఆయనకు లేని పట్టింపు మనకెందుకు? కండువా సర్దుకుని, ధైర్యం తెచ్చుకున్నాడు.

“జానయ్య సాబ్, తెల్లదొరలు ఎన్నడో పోయిండ్రు. ఆళ్ళ రాతను మనమెందుకు మొయ్యాలె?”

“మీకు తెల్వదు సేటూ. మీ దుకాణంల ఒక్కపూట పనికి పెట్టుకోండ్రి, తెలుస్తది.”

“సరే, తప్పు చేసిందనే అనుకోండ్రి. ఇంటికాడ పిల్లలుంటరు. తల్లిని జైలుకు తోలితే ఆళ్ళ గతేంది?”

“నేనేం తప్పు చేసిన సారూ? అసలు సంగతి...” తిరుపతమ్మ లేవబోయింది. అమల భుజం నొక్కి కూర్చోబెట్టింది.

“నువ్వు ఊకో బిడ్డా. నేను మాట్లాడుతున్న గద!” రామస్వామి ప్రేమగా కసిరాడు. బెంచీ దిగి యువకుడి దగ్గరికి వెళ్ళాడు. “బాబూ, ఫోన్ ఏడికి పోలేదు, గా టేబుల్ మీదనే ఉన్నది. నువ్వు ఫిర్యాదు ఇయ్యకుంటే ఈమె బతుకు నిలవడుతది. దేవుడు నిన్ను సల్లగ జూస్తడు.”

యువకుడు చాయ్ గుటక వేశాడు.

“నేను ఫిర్యాదు ఇవ్వకపోతే ఇంతటితో అయిపోతుందా అంకుల్?”

“ఏమంటరు జానయ్య సాబ్?”

“సారే ఒద్దంటే నాదేమున్నది? నాకూ రాసే పని తప్పుతది.”

“అయితే వదిలేయండి,” అన్నాడు యువకుడు గ్లాసు కింద పెట్టి. “పాపం, నాకు ఆవిడ మీద కోపమేం లేదు.”

రామస్వామి కళ్ళు చెమర్చాయి.

“ఈ కాలంల గూడ గిసుంటి పిల్లలు ఉన్నరా! బాబూ, చవితినాడు మా మండపంల నీ పేరు మీద అర్చన చేయిస్త. పేరు, గోత్రం చెప్పు.”

యువకుడు ఒక్క క్షణం తడబడ్డాడు.

“కార్తీక్ అంకుల్. గోత్రం... గుర్తులేదు.”

“ఏం ఫికరు లేదు. గోత్రం తెల్వనోళ్ళకు పంతులు కాశ్యప గోత్రం జెప్తడు.”

జానయ్య ఫోన్‌ను చేతిగుడ్డతో తుడిచి, మర్యాదగా అందించాడు. యువకుడు అందరికీ దండం పెట్టి రెండంగల్లో గుమ్మం దాటాడు. తిరుపతమ్మ దిగ్గున లేచి అతని వెనకాల ఉరికింది. అమల రెక్క పట్టుకుని ఆపింది.

“జూసిండ్రా, ఆ పిలగాని కాళ్ళు మొక్కుతానికి ఎట్ల ఉరుకుతున్నదో!” రామస్వామి మురిసిపోయాడు. “మొక్కులేం ఒద్దు బిడ్డా. నీ మీద కేసు లేదు, ఏం లేదు. సంబురంగ ఇంటికి పో.”

బయట ఆటో ఒకటి కదిలిపోయిన చప్పుడైంది. జానయ్య రామస్వామికి కూడా చాయ్ చెప్పాడు. ఈసారి కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టాడు. నలుగురికి భోజనం పెట్టినంత తృప్తిగా ఉంది రామస్వామికి.

అమల చేయి వదిలింది. తిరుపతమ్మ కదల్లేదు. అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది.

“ఇందాకటి సంది ఏందో చెప్త చెప్తనన్నవ్ గద,” అన్నాడు రామస్వామి చాయ్ ఊదుకుంటూ. “ఇగ చెప్పు బిడ్డా. నిన్ను ఎవ్వరు ఆపరు.”

“నా ఫోన్ కొట్టేసిన దొంగను పట్టుకొచ్చింది నేనే సారూ!”