మిగిల్చిన గ్యాసు

"ఓడ ఇంకా రాలేదా అయ్యా? గ్యాసు అందకపోతే రేపటికి కొలిమి ఆరిపోతుంది. లోపలి గాజంతా గడ్డకట్టుకుపోతుంది," అన్నాడు గాజు ఫ్యాక్టరీ మేస్త్రి.

యజమాని మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకి జరిపాడు.

"ఓడ మొన్ననే వచ్చింది. గ్యాసు ధర మూడింతలైందని మన వాటా అమ్మేశాను. చచ్చీ చెడీ ఏడాదంతా గాజు చేస్తే వచ్చే లాభం, ఒక్క ఫోనుతో వచ్చేసింది."

"కొలిమి బతికితే చాలని క్యాంటీన్ పొయ్యి ఆపేసి, వారం నుంచీ అందరం చల్లారిన కూడే తింటున్నాం కదయ్యా," అని మేస్త్రి గ్లాసెత్తి ఓ గుక్క నోట్లో పోసుకున్నాడు.

"తెలుసు. మీరు మిగిల్చింది కూడా కలిపే అమ్మాను. మీ మేలు మరిచిపోను."

మేస్త్రి నోట్లోని నీళ్ళు మింగలేదు. ఆ గ్లాసులోనే ఉమ్మేసి, యజమాని ముందు పెట్టి బయటికి నడిచాడు.