ఏం చూసి ఇచ్చావు?

"ఎప్పుడూ ఆ పొడుగుపిల్లకే బంతి ఎత్తివ్వడమే అయితే, రేపు సెలెక్టర్లు నిన్నెందుకు చూస్తారే? నాకు భయంగా ఉంది," అన్నాను మా అమ్మాయికి జడ బిగిస్తూ.

"బాగా కొడుతుంది కదమ్మా."

"కొడుతుంది! నిచ్చెనకి జడేసినట్టుంటుంది. ఇవాళ దానికివ్వకు. నా మీద ఒట్టు."

వాలీబాల్ కోర్టులో ఆ పొడుగుపిల్ల కొడితే హాలంతా చప్పట్లు. ఎత్తిచ్చింది నా కూతురని ఒక్కరూ అనరు. నా కడుపు మండిపోయేది.

ప్రాక్టీసు మ్యాచ్‌లో ఆఖరి పాయింటు. నెట్ అవతల పొడుగుపిల్లకి అడ్డు ఎవరూ లేరు. చెయ్యెత్తి "నాకు, నాకు!" అని అరుస్తోంది. మా అమ్మాయి మాత్రం ఇద్దరు అడ్డు నిలిచిన వైపే ఎత్తింది. వాళ్ల చేతులకు తగిలి బంతి మావైపే పడింది.

కోచ్ పిలిచాడు.

"ఏం చూసి అటిచ్చావమ్మా? తప్పుగా చూస్తే నేర్పిస్తాను. చూడకుండా ఇచ్చేవాళ్లని రేపు ఆడించను."

మా అమ్మాయి తల దించుకుంది. పొడుగుపిల్ల దాని భుజమ్మీద చెయ్యి వేసింది.

"నేనే పిలవలేదు సార్."

ఆ అరుపు నేను విన్నాను. కోచ్ కూడా వినే ఉంటాడు.

నేను బెంచీ మీంచి లేచాను.

"మా అమ్మాయి సరిగ్గానే చూసిందండీ. ఆ పిల్లకివ్వొద్దని చెప్పింది నేను."