సుద్దగీతల ఇల్లు

ఇల్లు మారే హడావిడిలో పాపని ఎక్కడైనా మర్చిపోతానేమో! ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం అదే. అందుకే పొద్దుటినుంచీ పాప వేలు పట్టుకునే పనంతా చేస్తోంది. ఒంటిచేత్తో గిన్నెలు కడిగింది, ఒంటిచేత్తో మూటలు కట్టింది.

"నీ భయం బంగారం కానూ! అదేమన్నా గరిటా, మర్చిపోవడానికి?" అని నవ్వింది అత్తగారు.

హాల్లో భర్త మోకాళ్ళ మీద పాకుతూ, సుద్దముక్కతో నేలమీద కొత్త ఇల్లు గీస్తున్నాడు. నిజం కొలతలతోనే. గడియారాలు బాగుచేసే మనిషి, వెంట్రుకవాసి తేడా రానివ్వడు. ఇదిగో గుమ్మం, ఇదిగో కిటికీ, ఇదిగో పొయ్యి గట్టు. చూస్తూ ఉండగానే కొత్తిల్లు మొత్తం పాతింటి హాల్లో ఇమిడిపోయింది.

"ఇంతే సంగతులు," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "గీత లోపల పట్టినవి మనతో వస్తాయి. పట్టనివి పాత సామాన్ల బండి ఎక్కుతాయి. మళ్ళీ ఏడుపులూ మొత్తుకోళ్ళూ వద్దు."

ముందు అత్తగారి మంచం లోపలికి వెళ్ళింది. తర్వాత ఆయన పనిబల్ల. తర్వాత పాప బొమ్మల పెట్టె, బియ్యం డబ్బా, అటకమీది పరుపు.

"నా కుట్టుమిషను కిటికీ కింద పెడదామండీ."

"అక్కడ అమ్మ తలగడ వస్తుంది."

"పోనీ, ఈ మూల?"

"నేను కుర్చీ వెనక్కి జరపొద్దూ?"

"మిషను లేకపోతే ఏం, తను సర్దుకుపోతుందిలేరా," అంది అత్తగారు మెచ్చుకోలుగా. "దానికున్న గుణమే అది."

ఆ మాటకి ఆమె లోలోపల మురిసిపోయి, మిషన్ని తనే గీత బయటికి నెట్టింది. తర్వాత అద్దం బల్లని నెట్టింది. పాపకి పాలిచ్చిన కుర్చీని నెట్టేటప్పుడు మాత్రం చెయ్యి కాస్త ఆగింది. కానీ ఒకసారి నెట్టడం అలవాటైతే ఏదైనా తేలికే.

మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా హాల్లోకి వచ్చింది. సుద్దపొడి వెలుతురులో నెమ్మదిగా తేలుతోంది. పాప గీత దగ్గర నిలబడి గాలిలో వేలితో కొట్టింది.

"టక్ టక్!"

"ఎవరమ్మా అదీ?" అంది మంచంమీంచి నానమ్మ.

"నేనే! తలుపు తియ్యి!"

నానమ్మ లేచి, లేని గడియ తీసింది. పాప అమ్మ వేలు వదిలించుకుని గుమ్మంలోంచే లోపలికి వెళ్ళింది. లేని కిటికీ తెరిచి భర్త, "అబ్బ, గాలి బాగానే వస్తోందే," అన్నాడు. చిత్రం, నిజంగానే ఆమె ముఖానికి చల్లగా తగిలింది.

"ఓసారి పడుకుని చూద్దాం," అన్నాడాయన.

అత్తగారు మంచంమీద గోడవైపు తిరిగింది. లేని గోడకి మోచెయ్యి తగలకుండా సర్దుకుంది కూడా. ఆయన కింద పరుపుమీద వాలాడు. పాప వెళ్ళి ఆయన పక్కన చేరింది. కాసేపటికి ముగ్గురి ఊపిరీ ఒకే లయలో పడింది. గోడల్లేని ఇంట్లో తనవాళ్ళు నిద్రపోతుంటే, ఆమె బయటినుంచి అంతా చూస్తూ నిలబడింది. ఎంత బాగుందో! చెరువు అడుగున ఎవరో కాపురం పెట్టినట్టుంది.

"మరి నేనెక్కడండీ?" అని అడగబోయింది. నిద్రపోయేవాళ్ళని లేపడం ఆమెకి చేతకాదు. మెల్లగా వంగి, మంచానికీ పరుపుకీ మధ్య ఖాళీలో పాదం పెట్టి చూసుకుంది. అడ్డంగా పట్టలేదు. నిలువుగా పట్టింది. ఒత్తిగిలి పడుకుంటే సరి, అనుకుంది. అంతలో పాప నిద్రలో కాలు చాపింది. ఆమె తన పాదం వెనక్కి తీసేసుకుంది.

వీధిలో హారన్ మోగింది. ఒకటి కాదు, రెండు బండ్లూ ఒకేసారి వచ్చాయి. ఇల్లంతా అడుగుల చప్పుడు. ఆమె పాపని బండిలో అత్తగారి ఒళ్ళో కూర్చోబెట్టి, చెప్పులు తొడిగి, నీళ్ళ సీసా పక్కన పెట్టి, దుప్పటి కప్పింది. మళ్ళీ వెళ్ళి చూసింది. ఉంది. ఇంకోసారి చూసింది. ఉంది.

"అన్నీ వచ్చాయామ్మా?" ముందు సీట్లోంచి అడిగాడు భర్త.

"వచ్చాయిరా బాబూ, ఇంక పోనీ!"

"మీరూ ఎక్కండమ్మా, పొద్దుపోతోంది," అన్నాడు సామాన్లు మోసేవాడు, కుట్టుమిషను పక్కన నిలబడ్డ ఆమెతో, ఎంతో మర్యాదగా. చెయ్యి కూడా అందించాడు. ఆమె ఎక్కి సామాన్ల మధ్య కూర్చుంది. పాపని మర్చిపోలేదు, అదే పదివేలు. పొద్దుటినుంచీ బిగబట్టిన గుండె ఒక్కసారిగా వదులైంది. బండి ఊయలలా ఊగుతుంటే కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

కొత్తింట్లో అన్నీ అనుకున్నట్టే కుదిరాయి. మంచం కిటికీ కిందికి, బల్ల మూలకి, పరుపు మధ్యకి. "చూశావా, వెంట్రుకవాసి తేడా లేదు!" అన్నాడు భర్త పొయ్యి గట్టువైపు తిరిగి. ఆమె అక్కడ లేదు. ఏదో సర్దుకుంటోంది కాబోలు, అనుకున్నాడు.

బాబ్బాబు, మీరెవరైనా ఆ కొత్తింటి వీధిన వెళ్తుంటే పాప ఎలా ఉందో ఒక్కసారి చూసి రారూ? వాళ్ళమ్మ గీత బయట నిలబడి ఉందని, ఆవిణ్ణి పాత సామాన్ల బండి ఎక్కించేశారు.