అడ్డు ఎవరి వైపు?

మునిసిపల్ ఆఫీసుకి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజనీరు పెరట్లోని మురుగు చాంబర్ మూత తీసి రెండు బిందెల నీళ్లు పోయించాడు. క్షణంలో పోయాయి.

“బాగానే పారుతోంది కదమ్మా.”

“ఇప్పుడు పారుతోందండి. పూడుకున్నప్పుడు అడ్డు ఎవరి వైపు ఉందో తేల్చండి,” అందామె.

నలభై రోజులుగా ఆమె ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతోందని గుమాస్తా ముందే చెప్పాడు. ప్రహరీగోడకు ఇవతల పూడుకుంటే ఇంటివాళ్ల పూచీ, అవతలైతే ఆఫీసు పూచీ. ఆ ముక్కే ఫైలు మీద రాసి చేతులు దులుపుకున్నారట. ఆమె గేటు దగ్గరే ఎదురుచూసి, తిన్నగా పెరట్లోకి దారి చూపించింది. ఇంటి మనిషే అనుకున్నాడు ఇంజనీరు.

ఆ ఇంట్లో నిలబడాలంటేనే అతనికి అదోలా ఉంది. పెరటి స్నానాలగదికి తాళం. పంపుకి గుడ్డ చుట్టి బిగించి కట్టారు. నీళ్ల చప్పుడు తన భార్య భరించలేకపోతోందని ఇంటి యజమాని గొణిగాడు. గొట్టం గుటకలేస్తుంటే లోపల ఎవరో ఊపిరి కోసం పెనుగులాడుతున్నట్టు ఉంటుందట. పట్టపగలే తలుపేసుకుని, చెవులు మూసుకుని కూర్చుంటుందట. చెబుతున్నంతసేపూ ఆయన చాంబర్ వైపు చూడలేదు. అడ్డు మాది కాదని మాత్రం మూడుసార్లు అన్నాడు.

ఇంజనీరు టార్చి వేశాడు. చాంబర్ గోడల మీద, పై అంచుకి బెత్తెడు కింద, నల్లటి జిడ్డు చార. మురుగు అక్కడిదాకా ఎగదన్నిందన్నమాట. అడ్డు ఇంటి గొట్టంలోనే ఉండి ఉంటే సందులోని మ్యాన్‌హోల్‌లో ఇలాంటి చార ఉండకూడదని ఆమెకు విడమరిచి చెప్పాడు.

సందులో ఇనుప మూతను గడ్డపారతో జరపగానే వేడిగాలి మొహాన కొట్టింది. ఆమె ముక్కు మూసుకోలేదు. అంచున మోకాళ్ల మీద కూర్చుని ఆ చీకట్లోకి చెవి ఒగ్గింది, ఎవరైనా పలుకుతారేమో అన్నట్టు. ఇంజనీరు ఒకడుగు ముందుకు వేశాడు.

“వెనక్కి రండమ్మా. లోపల విషవాయువులుంటాయి.”

“తెలుసండి.”

టార్చి వెలుగు గోడల మీద తిరిగింది. అదే ఎత్తున, అదే నల్ల చార.

అడ్డు ఇంటిది కాదు. సందు దాటాక, ఆఫీసు వేసిన పెద్ద గొట్టంలోది. ఆ మాట వినగానే యజమాని గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఆమె మాత్రం సంచిలోంచి తెల్లకాగితం తీసి, అదే రాసివ్వమంది.

ఇంజనీరు తటపటాయించాడు. ఏదీ కాగితం మీద పెట్టొద్దని గుమాస్తా మరీమరీ చెప్పి పంపాడు. కానీ చార కళ్లెదుటే ఉంది. లేదని ఎలా అంటాడు? అడ్డు తొలగించాల్సిన బాధ్యత పూర్తిగా తమ ఆఫీసుదేనని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

మూత మళ్లీ జరుపుతుండగా అతనికి అనుమానం వచ్చింది.

“మావాళ్లెవరూ రాలేదని ఫైల్లో ఉంది. మరి అడ్డు తీసిందెవరమ్మా?”

యజమాని గబగబా లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆమె ఇనుప మూత మీద అరచెయ్యి ఆనించింది.

“మా ఆయనండి. వీళ్లు పిలిస్తే ఇందులోకి దిగాడు, ప్రాణాలతో పైకి రాలేదు.”