లోపలి మడత

"ఇక చాలమ్మా. ఇంకో చెంచా వద్దు."

టైలరమ్మ చేతిలోని చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆ మాట అన్నది ఇంట్లోవాళ్లు కాదు, వైద్యులూ కాదు. గౌను వదులు చేయించుకోవడానికి వచ్చి, ముక్కాలిపీట కనబడకుండా కూర్చున్న ఒక లావుపాటి మనిషి.

"మీరు డాక్టరా?" అంది టైలరమ్మ.

"కాదమ్మా."

"నర్సా?"

"కాదు."

"మరి నా చెంచాలు లెక్కపెట్టే ఉద్యోగం మీకెవరిచ్చారు?"

గౌనావిడ నవ్వింది. "భుజాలు పైకి లాగుతున్నారు. కడుపు నిండినట్టే. ఇంకొకటి తింటే బయటికొచ్చేస్తుంది."

అది నిజం. నిజం కాబట్టే టైలరమ్మకు ఒళ్లు మండింది.

కడుపు కుదించే ఆపరేషన్ జరిగి రెండు నెలలైంది. పిడికెడు పొట్టకు నాలుగు చెంచాల మెత్తటి తిండి. దాన్ని నమలడానికి అరగంట. దువ్వెన పెడితే దువ్వెన నిండా జుట్టు. సందు పొడవునా నడిస్తే మోకాళ్లలో వణుకు.

దీనికి తోడు లోకం నోరు.

"నోరు కట్టుకోలేక పొట్ట కుట్టించుకుంది" అని ఆడపడుచు.

"గౌన్లు కుదించే చెయ్యి కదా, కడుపూ కుదించుకుంది" అని ఎదురు కొట్టులో బొత్తాలాయన.

ఆడపడుచును అంటే ఇంట్లో గొడవ. బొత్తాలాయనను అంటే వీధిలో గొడవ. మింగలేని ముద్దలాగే మాటలన్నీ గొంతులోనే నిలిచిపోయాయి.

గౌనావిడ వారం వారం వచ్చేది. ఒకసారి చంకల దగ్గర వదులు, ఒకసారి నడుము దగ్గర వదులు. ఏమీ లేకపోతే ఊడని బొత్తానికి ఇంకో కుట్టు. వచ్చి కూర్చుంటే అవే ఆరాలు.

"తినగానే నీళ్లు వద్దమ్మా, అరగంట ఆగండి."

"జుట్టు గురించి దిగులు పడకండి. కొన్నాళ్లకు మళ్లీ వస్తుందట."

"కళ్లెలా ఉన్నాయి? సూదిలో దారం ఎక్కుతోందా?"

"ఎక్కుతోంది. ఒంట్లో చక్కెర దిగిందిగా, మసక పోయింది. కళ్లద్దాలు పెట్టెలో పడేశాను" అంది టైలరమ్మ.

గౌనావిడ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. నా కళ్ల మసక సంగతి ఈ పరాయి మనిషికి ఎలా తెలుసు అని టైలరమ్మకు తట్టనే లేదు. నా కళ్లతో ఈవిడకేం పని అని మాత్రం చిర్రెత్తింది.

"ఆ ఆసుపత్రిలో ఆపరేషన్‌కు తేదీ దొరకడం కష్టమంటారే?" అని ఇంకో రోజు అడిగింది గౌనావిడ.

"ఉచితం కదా, నెలకు నలుగురికే చేస్తారు. నా వంతుకు అప్పటికి ఇంకా అయిదు నెలలుంది. ఎవరో పిరికిగొడ్డు, కత్తి పేరు వినగానే పారిపోయిందట. ఆ తేదీకి నన్ను పిలిచారు."

"పోనీలెండి. మీకు మేలే జరిగింది."

"మేలు నాది. పిరికితనం దానిది!"

గౌనావిడ పక్కున నవ్వింది. నవ్వీ నవ్వీ ఆయాసపడింది.

ఒక మధ్యాహ్నం బొత్తాలాయన నలుగురు బేరగాళ్ల ముందు, "టైలరమ్మా, మిగిలిన పొట్ట గుడ్డతో నాకో సంచి కుట్టిపెట్టరాదూ!" అన్నాడు. నలుగురూ నవ్వారు.

టైలరమ్మ కొట్టులోకి వచ్చి గిన్నె తెరిచింది. గబగబా ఒక చెంచా, వెంటనే ఇంకొకటి.

"మెల్లగా నమలండమ్మా" అంది పీట మీది గౌనావిడ.

అంతే. ఇన్నాళ్ల కోపమంతా ఒక్క మనిషి మీద విరుచుకుపడింది.

"తా దూర కంత లేదు, మెడకో డోలట! నాకు చెప్పేముందు మీ ఒళ్లు చూసుకోండి. ఈ గౌనులో వదలడానికి లోపల మడత కూడా మిగల్లేదు!"



గౌనావిడ ఒళ్లోని గౌనును మడిచి బల్ల మీద పెట్టింది. పీట మీద నుంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించింది.

"నిజమేనమ్మా" అంది గుమ్మం దగ్గర. "అయినా మెల్లగా తినండి."

మరి రాలేదు.

మూడు వారాలు గౌను కొయ్యకు వేలాడింది. చూసినప్పుడల్లా టైలరమ్మకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది. చివరికి తనకిప్పుడు గుడారమైపోయిన పాత గౌనును కత్తిరించి, రెండు పక్కలా చెరో పట్టీ వేసి కుట్టింది. కుట్టాక ఇస్త్రీ చేస్తుంటే జేబులో మడత పెట్టిన కార్డు చేతికి తగిలింది. పైన తన ఆసుపత్రి ముద్రే.

'ఓహో, ఈవిడా వరసలో ఉందన్నమాట! పాఠాలన్నీ అక్కడివే' అనుకుంది. సిగ్గేసింది. పరాయి కాగితం విప్పడం ఎందుకని అలాగే ఉంచింది. మర్నాడు తన పరీక్షకు వెళ్తూ గౌనును కూడా సంచిలో పెట్టుకుంది.

"ఈ గౌను గలావిడకు ఇది అందించండి, జేబులో మీ కార్డే ఉంది. క్షమించమన్నానని చెప్పండి" అంది నర్సుతో.

నర్సు గౌనును గుర్తుపట్టింది.

"ఆమె పోయి పది రోజులైందమ్మా. గుండె. కొత్త తేదీ ఇంకో రెండు వారాలుందనగా."

"కొత్త తేదీ ఏమిటి? పాతదానికి ఎందుకు చేయలేదు?" టైలరమ్మ గొంతు లేచింది. "పేదవాళ్లంటే మీకంత అలుసా? ఎవరు కొట్టేశారు ఆ తేదీని?"

"ఆమే కొట్టేసింది. వద్దని మొత్తుకున్నాం. పక్క కుర్చీలో ఎవరో సూదిలో దారం కనబడటం లేదని ఏడుస్తుంటే చూడలేకపోయిందట."

టైలరమ్మ కార్డు విప్పింది.

కళ్లద్దాల అవసరం లేకపోయింది. కొట్టేసిన అడ్డగీత కింది సన్నటి అంకెలు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి, అది తన పొట్ట మీద కుట్లు పడ్డ తేదీ.