గూట్లో బల్బు ఆరిన సాయంత్రం

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను, తప్పులుంటే ఏమనుకోకండి. మా పెరటి సంగతి చెబుతాను.

మా ఎర్రపెట్ట మొదటిసారి ఆరు పిల్లల్ని చేసింది. చలికాలమని నేను కోళ్లగూట్లో బల్బు పెట్టాను. అప్పట్నించీ పిల్లలు బల్బు కింద, తల్లి గోడ మీద.

ఓ సాయంత్రం మా వీధంతా దీపాలు ఆర్పేశారు. నేనూ వసారా స్విచ్చు కట్టేశాను. గూట్లో బల్బుకీ అదే స్విచ్చని మరిచిపోయాను. పిల్లలు కీచుకీచుమన్నాయి. పెట్ట గోడ దూకి గూడు చుట్టూ తిరగసాగింది.

"ఎవరమ్మా ఆర్పింది? బిడ్డలు వణికిపోతున్నారు!" అని అరిచింది.

"భూమి వేడెక్కిపోతోందట. గంటసేపు అందరూ ఆర్పుతున్నారు," అంది పెరట్లోని మా బాతు.

"వేడెక్కితే మంచిదేగా వదినా, నా పిల్లలకి!"

"మొన్నటి ఎండాకాలంలో నోరు తెరుచుకుని రొప్పింది ఎవరే?"

"అది సరే, ఈ గంట గడిచేదెలా?"

"నీకు రెక్కలెందుకున్నాయి?"

"నాకు అలవాటు లేదు వదినా. పిల్లలు నా కింద పడి నలిగిపోతే?"

"ఇరవై ఒక్క రోజులు గుడ్ల మీద కూర్చున్నావు. ఒక్కటైనా పగిలిందా?"

పెట్ట భయపడుతూనే గూట్లో దూరి రెక్కలు విప్పింది. పిల్లలు ఒక్కొక్కటే రెక్కల కిందికి దూరాయి. కీచుకీచులు ఆగిపోయాయి.

గంటయ్యాక బల్బు వెలిగింది. ఒక్క పిల్లా బయటికి రాలేదు.

పొద్దున్నే ఆ బల్బు విప్పేశాను. దాన్ని చేత్తో పట్టుకుని, ఇంకా ఏవేవి ఊరికే వెలుగుతున్నాయో చూద్దామని ఇంట్లోకి వెళ్లాను.