ఇంకాస్త సరిచేయాలి

"మళ్లీ ఆ పుట్టుమచ్చ తీసేశావా?" అంది అమ్మ, భుజం మీదుగా కంప్యూటర్‌లోకి తొంగిచూస్తూ.

బ్యోంగ్‌సు తెర మీద అమ్మ ముఖాన్ని పెద్దది చేసి, కంటి కింది నీడను పలచన చేశాడు. ఫొటో తీసింది వసంతంలో. ఇప్పుడు వీధిలో గింకో చెట్ల ఆకులు రాలుతున్నాయి.

"ఇంకాస్త సరిచేయాలమ్మా."

"నీకెప్పుడు నచ్చింది గనక! నువ్వు పెళ్లి ఫొటోలిచ్చేసరికి వాళ్లకి పిల్లలు పుట్టేవాళ్లు. గున్సాన్‌లో ఏ స్టూడియో చూసినా కిటికీ నిండా ఫొటోలే. నీ కిటికీలో ఏమున్నాయి? ఈగలు."

ఫోను మోగింది. తమ్ముడు సాంగ్‌గు.

"అన్నయ్యా, ఎక్కడున్నావ్? ఇక్సాన్ నుంచి పిన్ని వాళ్లు కూడా దిగారు. హాల్లో పువ్వులన్నీ సర్దేశాం. మధ్యలో అమ్మ ఫొటో పెట్టే చోటొక్కటే బోసిగా ఉంది."

వెనక పేకముక్కలు చాప మీద కొడుతున్న చప్పుడు. మాంసం పులుసు వడ్డించమని ఎవరో కేకేశారు.

"చిన్న పని మిగిలింది. వస్తున్నా."

"నీ చిన్న పని నాకు తెలీదా? గంటలో రాకపోతే గుర్తింపు కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించి పెట్టేస్తా."

అమ్మ గుండెలు బాదుకుంది. "ఆ దొంగ మొహమా! అందరి ముందా! పరువు తీయకండ్రా."

బ్యోంగ్‌సు మళ్లీ తెర వైపు తిరిగాడు. ముడత లేదు, మచ్చ లేదు. నున్నటి ఆ ముఖం అతన్నే చూస్తోంది, ఎవరో తెలియనట్టు.

"అమ్మా, ఇది నువ్వేనా?"

"నన్నడుగుతావేంరా? ఆ ముడతల్లో సగం నీ పుణ్యమే. అవి తుడిచేస్తే ఇంక మిగిలేది ఎవరు?"

"చిన్న లోపమున్నా అందరూ దాన్నే చూస్తారు."

"చూడనీ. నన్ను చూడ్డానికేగా వచ్చారు."

అతను పక్కన పడేసిన ఫొటో ఒకటి తెరిచాడు. ఆ రోజు కెమెరా స్టాండు తన్నుకుని అతను తూలితే, అమ్మ పకపకా నవ్విన క్షణం అది. పండక్కి కట్టుకునే హన్‌బోక్ దుస్తుల మెడపట్టీ పక్కకి జరిగింది. పన్ను ఊడిన సందు కనిపిస్తోంది. అంచులు మసక. మెడపట్టీ సరిచేయడానికి చెయ్యి దానంతటదే మౌస్ మీదికి వెళ్లింది.

"వదిలెయ్ నాన్నా," అంది అమ్మ మెల్లగా.

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, ఉన్నదున్నట్టు ప్రింటు తీశాడు.

"పద పద. నేనక్కడ లేకపోతే ఎలా?" అంది అమ్మ.

హాలు గుమ్మంలో సాంగ్‌గు ఫొటో అందుకుని, చూస్తూ నిలబడిపోయాడు.

"మసకగా ఉంది కదూ? మెడపట్టీ కూడా..."

"ఊరుకో అన్నయ్యా. అచ్చం అమ్మే."

తెల్ల చామంతుల మధ్య ఫొటో నిలబెట్టారు. పేకాట ఆగింది. పిన్ని ఆ నవ్వును చూసి తనూ నవ్వింది.

సాంగ్‌గు ఫొటోకి, పోయినవాళ్లకి కట్టే నల్ల రిబ్బను కట్టి, అగరొత్తులు వెలిగించాడు.